యాది మరచినవాడు ఎవడు?

(ధ్యానభాగములు: ఆదికాండము 40, 41 అధ్యాయములు, లూకా సువార్త 10:25–37)



ఈ నెల మనము విచారింపబోవు ప్రశ్న పుస్తకములలో పుట్టినది కాదు. సిరిసిల్లలో ఒక యింటి అరుగుమీద మేము కూర్చుండియుండగా ఒక సహోదరి మమ్ము నడిగిన ప్రశ్న ఇది. ఆమె భర్త సాంచాల కార్ఖానాలో పనివాడు. ఒక రాత్రి పని ముగించి మోటారు సైకిలు మీద ఇంటికి వచ్చుచుండగా బండి కంకర మీద జారెను; అతడు పడి తల నేలకు కొట్టుకొనెను. హెల్మెటు లేదు. కొన్ని గంటలు స్పృహ లేకుండెను. రెండు వారములు తానెక్కడ నున్నాడో ఎరుగకుండెను. తరువాత లేచెను, నడిచెను, అన్నము తినెను, నవ్వెను. ఇరుగుపొరుగువారు సంతోషించి ఎవరి పనికి వారు వెళ్లిపోయిరి. అప్పుడే ఆమె కష్టము మొదలాయెను.

"పొద్దుగాల చెప్పిన ముచ్చట పొద్దుమీకేసరికి యాదికుండది, అయ్యగారూ. బువ్వ తిని తినలేదంటడు. బిడ్డ పెండ్లి నాలుగేండ్ల కింద చేసినం, అది యాదికున్నది. నిన్న బిడ్డ వచ్చిపోయింది, అది లేదు. మనిషి ఇంటికి తిరిగొచ్చిండు, నిజమే. కానీ వచ్చింది ఆయనేనా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఓదార్పు మాటలు నోట నుండెను గాని అవి ఆమె ప్రశ్నకు జవాబులు కావు. జ్ఞాపకము పోయినవాడు మునుపటివాడేనా? తాను మరచిన మాటకు మనుష్యుడు బద్ధుడా? మెదడును చూపు పటములు ఈ సంగతిలో మనకేమి చెప్పగలవు, ఏమి చెప్పలేవు? ఈ మూడును ఒకదానితో ఒకటి పెనవేసికొని యున్నవి గనుక ఒక్కొక్కటిగా చూతము.

1. మొదటి పటము

అతడు పడిన రాత్రియే ఒక ఆసుపత్రిలో తలకు సి.టి. స్కాను తీసిరి. ఈ యంత్రమును కనిపెట్టినవాడు ఇంగ్లండు దేశస్థుడగు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు. 1971 అక్టోబరు 1న లండనులో మొదటిసారి ఒక రోగి తలను దానితో చూచిరి. ఎక్సురే కిరణములను అనేక దిక్కులనుండి పంపి, తలను కోయకుండగనే దాని లోపలి పొరలను పొర వెంట పొరగా చూపుట దాని పని. 1979లో హౌన్స్‌ఫీల్డునకును, ఆ లెక్కల త్రోవ చూపిన అలన్ కార్మాకునకును నోబెల్ బహుమానము వచ్చెను. పుఱ్ఱె పగిలినదా, లోపల రక్తము గడ్డకట్టి మెదడును నొక్కుచున్నదా అని కొన్ని నిమిషములలో చెప్పి, ఎన్నో ప్రాణములను నిలిపిన యంత్రమది. దానికి మనము కృతజ్ఞులము.

మన సహోదరుని పటములో రక్తపుగడ్డ లేదు, పుఱ్ఱె పగులలేదు. కాగితము మీద అంతయు సరిగానున్నదని వ్రాసిరి. ఆ మాట ఆ రాత్రికి నిజమే. వెంటనే శస్త్రచికిత్స చేయవలసినదేదియు లేదని దాని భావము. కాని ఆ కాగితము ఇంటికి వచ్చిన తరువాత దాని భావము మారిపోయెను. పనికి పోయి చెప్పిన పని మరచినప్పుడు, "ఫోటోల ఏం లేదన్నరు గద, నాటకమాడుతున్నడు" అనిరి. ఒకే ప్రశ్నను పది మారులు అడిగినప్పుడు బంధువులు నవ్విరి. తరువాత విసుగుకొనిరి. మేమును ఆ మాటను కొంత నమ్మితిమని ఇక్కడ ఒప్పుకొనవలెను. ఆదివారము కలిసినవాడు బుధవారము మనలను చూచి, చాల దినములకు కనబడితిరే అనినప్పుడు, ఇతడు పని తప్పించుకొనుటకు ఇట్లు చేయుచున్నాడేమో అని మా హృదయములో అనుకొంటిమి. నోటితో అనలేదు గాని అనుకొంటిమి.

ఇది మొదటి అన్యాయము. కంటికి కనబడనిది లేదని తీర్పు చెప్పుట.

2. తెగిన పోగులు

సిరిసిల్లవారికి ఈ సంగతి తేలికగా చెప్పవచ్చును. నడుచుచున్న సాంచె మీది బట్టను దూరమునుండి చూచువానికి అంతయు నిండుగానే కనబడును. పడుగులో ఎక్కడ పోగు తెగినదో దగ్గర నిలిచి వ్రేలితో తడిమినవానికే తెలియును. ఒక్క పోగు తెగిన బట్ట నిలుచును. అక్కడొకటి ఇక్కడొకటిగా వేల పోగులు తెగిన యెడల, చిరుగు ఎక్కడను కనబడకపోయినను, ఆ బట్ట బలము పోయినట్లే.

మన మెదడులో అట్టి పోగులున్నవి. ఒక నరకణమునుండి మరియొక నరకణమునకు వార్త మోయు సన్నని తంతువులవి. తల వేగముగా తిరిగి ఒక్కమారుగా ఆగినప్పుడు, మెత్తని మెదడు లోపల మెలిపడి, ఈ తంతువులు సాగి చెడును. చెడినవి కొన్ని గంటలలోను దినములలోను తెగిపోవును. 1956లో శబీనా స్ట్రిచ్ అను వైద్యురాలు, తలకు దెబ్బ తగిలిన తరువాత బుద్ధి మందగించి చనిపోయినవారి మెదళ్లను సూక్ష్మదర్శినితో పరీక్షించి ఈ సంగతిని వ్రాసెను. పైకి గొప్ప గాయములు లేని మెదడులో లోపలి తెల్లని భాగమంతటను తంతువులు నశించియుండెను. అది చనిపోయిన తరువాత తెలిసిన సంగతి. బ్రదికియున్నవానిలో దానిని చూచుటకు ఎన్నో సంవత్సరములు పట్టెను.

ఇప్పుడు ఎం.ఆర్.ఐ. అను అయస్కాంత యంత్రము ఆ పనిలో కొంత సాయపడుచున్నది. ఆ యంత్రమునకు మూలమైన పనికి పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డు అను ఇద్దరికి 2003లో నోబెల్ బహుమానము వచ్చెను. దానిలో ఒక విధమైన పటము, తంతువులతో కూడ చిరిగిన మిక్కిలి సన్నని రక్తనాళముల జాడలను చూపును. కారిన రక్తములోని ఇనుము అయస్కాంతమునకు తెలియును గనుక, సి.టి.లో కనబడని చుక్కలు ఇక్కడ నల్లగా కనబడును. మరియొక విధమైన పటము నీటి కదలికను కొలుచును. చెడని తంతువుల గుంపులో నీరు వాటి వెంబడి పోవును గాని అడ్డముగా అంతగా పోదు. తంతువులు చెడినచోట ఆ క్రమము తప్పును. 1990ల నుండి ఈ విధమైన కొలత పెరిగినది.

మన సహోదరుని కొన్ని నెలల తరువాత హైదరాబాదుకు తీసికొనిపోయి ఎం.ఆర్.ఐ. తీయించిరి. నల్లని చుక్కలు అక్కడక్కడ కనబడెను. ఆ పటమును చూచినప్పుడు మాకు సిగ్గు కలిగెను. అతడు నాటకమాడలేదు. మేమే తీర్పు తీర్చితిమి.

3. జ్ఞాపకము ఎక్కడ నుండును?

జ్ఞాపకము ఒకే గదిలో దాచిన ధాన్యము వంటిది కాదు. మెదడు లోపల రెండు ప్రక్కల, చెవులకు ఎదురుగా, సముద్రపు గుఱ్ఱమును పోలిన భాగమొకటి కలదు. వైద్యులు దానిని హిప్పోకాంపసు అందురు. క్రొత్త సంగతులను పట్టి నిలుపుటకు అది ముఖ్యము. ఈ సంగతి లోకమునకు ఒక మనుష్యుని నష్టమువలన తెలిసినది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అను ఇరువదియేడేండ్ల యువకునికి మూర్ఛలు మాన్పుటకు శస్త్రచికిత్స చేసి, ఈ భాగమును దాని చుట్టునున్న భాగములను రెండు ప్రక్కల తీసివేసిరి. మూర్ఛలు తగ్గెను గాని అతడు ఆ దినము మొదలు క్రొత్త సంగతి నిలుపుకొనలేకపోయెను. 2008లో చనిపోవువరకు అతడు విద్వాంసుల పరీక్షలకు ఓపికతో సహకరించెను. 1990లలో అతని తలకు ఎం.ఆర్.ఐ. తీయగా, తీసివేయబడిన భాగము శస్త్రవైద్యుడు అనుకొనినంత పెద్దది కాదని తేలెను. కోసిన చేతికే తెలియనిది పటము సరిదిద్దెను. పటమునకు ఇయ్యవలసిన గౌరవము ఇయ్యవలెను.

అయితే అతనినుండియే మరియొక సంగతి తెలిసినది. బ్రెండా మిల్నర్ అను పండితురాలు అతనికి అద్దములో చూచుచు నక్షత్రపు గీతను దిద్దు పని ఇచ్చెను. దినదినము అతని చేయి నేర్చుకొనెను. కాని ప్రతి దినము అతడు ఆ పనిని ఎన్నడును చేయలేదనియే అనుకొనెను. చేతి యాది వేరు, మాట యాది వేరు. కోరుట్లలో బీడీలు చుట్టు మన తల్లులను చూడుడి. నోరు ముచ్చటలో నుండగా చేయి ఆకును మడిచి దారము కట్టుచుండును. ఆ చేతిని అడిగిన యెడల అది జవాబు చెప్పదు, చేసి చూపును. మన సహోదరుడును అట్లే. సాంచె ఎదుట నిలిపిన యెడల తెగిన పోగును మునుపటివలె అతికించుచున్నాడు. యజమాని పది నిమిషముల క్రిందట చెప్పిన మాట మాత్రము లేదు. అందుచేతనే చూచువారు అతడు నటించుచున్నాడనిరి. చేతి పనితనమే అతని మీద సాక్ష్యమైనట్లాయెను. ఎంత విపరీతము!

ఇంకొక సంగతియు మనము తెలిసికొనవలెను. తలకు గాయమైనవారిలో కొందరు, జరుగనిది జరిగినట్లు చెప్పుదురు. అది అబద్ధము కాదు. అబద్ధమాడువానికి నిజము తెలియును, దానిని దాచును. ఇతనికి నిజము తెలియదు. ఖాళీ స్థలమును మెదడు తానే ఏదోయొకదానితో నింపుచున్నది. మోసముండవలెనంటే మోసగించు ఉద్దేశముండవలెను గదా.

4. కొలత కఱ్ఱను కొలుచుట

పటము చూపునది నిజమైనను, అది ఎంత చూపునో తెలిసి మాటలాడవలెను. వైద్యులు వ్రాయు గ్రంథములలో, దెబ్బ తగిలిన అనేకులను తగలని అనేకులతో పోల్చి, సగటున ఈ భాగము తగ్గినదని, ఈ తంతువులు చెడినవని చెప్పుదురు. సగటు వేరు, మన యెదుట కూర్చున్న ఒక్క మనుష్యుడు వేరు. చుక్కలు ఎక్కువగా నున్నవాడు బాగుగా మాటలాడుటయు, చుక్కలే కనబడనివాడు తన వీధిని మరచుటయు కలదు. ఒక మనుష్యునికి ఎంత జ్ఞాపకము మిగిలినదో పటము ఒక్కటే చెప్పలేదు. వానితో కూర్చుండి, మాటలాడి, పరీక్షించి, ఇంటివారిని అడిగి తెలిసికొనవలెను.

మరియు కొలత కఱ్ఱయే మనది కాకపోవచ్చును. మెదడు భాగము సన్నబడినదని చెప్పవలెనంటే దేనితోనో పోల్చవలెను గదా. చాలకాలము పాశ్చాత్యుల మెదళ్లనుండి చేసిన నమూనాతోనే పోల్చిరి. 2019లో హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. పరిశోధకులు, తిరువనంతపురములోని శ్రీ చిత్ర సంస్థతో కలిసి, ఆరోగ్యవంతులైన 100 మంది భారతీయుల పటములనుండి ఒక భారతీయ నమూనాను తయారుచేసిరి. మనవారి మెదడు సగటున పాశ్చాత్య నమూనాకంటె పొడవులోను వెడల్పులోను ఎత్తులోను కొంత చిన్నదని తేలెను. ఇందులో కించపడవలసినది లేదు. కొలత వేరు, తెలివి వేరు. కాని పరుల కొలతతో కొలిచిన యెడల ఆరోగ్యవంతునికే రోగమంటగట్టు అపాయమున్నది. తప్పుడు త్రాసును దేవుడు అసహ్యించుకొనునని సామెతల గ్రంథమెరిగిన మనకు ఈ సంగతి క్రొత్త కాదు. త్రాసు అంగడిలోనే కాదు, ఆసుపత్రిలోను ఉన్నది. మన మనస్సులోను ఉన్నది.

ఇక, జ్ఞాపకమునే యంత్రముతో చదువవచ్చునని తలంచువారును కలరు. నేరవిచారణలో మెదడు తరంగములను కొలిచి, ఇతనికి ఫలాని సంగతి తెలియునని చెప్పు పరీక్షలు మన దేశములో వాడిరి. 2010 మే 5న సుప్రీము కోర్టు సెల్వి అను వ్యాజ్యెములో, ఒక మనుష్యుని సమ్మతి లేకుండ అట్టి పరీక్షలు చేయరాదని తీర్పు చెప్పెను. తంతువు తెగినదని చూపుట వేరు. ఆ తంతువు వెంట ఏ తలంపు ప్రయాణము చేసినదో చూపుట వేరు. మనుష్యుడు పైరూపమును చూచునని, దేవుడు హృదయమును చూచునని సమూయేలు నేర్చుకొనిన పాఠము ఇక్కడ మనకు హెచ్చరిక. మెదడు లోపలి పటమును చూచినను, అదియు పైరూపమే.

5. రెండవ అన్యాయము

ఎం.ఆర్.ఐ. పటము వచ్చిన తరువాత మాటలు మారెను. నాటకమన్నవారే ఇప్పుడు "మెదడు ఖరాబైంది, ఇగ ఆయనతోని ఏం ముచ్చట" అనసాగిరి. అతడు ఎదుట కూర్చుండియుండగనే అతనిని గూర్చి భార్యతో మాటలాడిరి. అన్నము తినెనా అని అతనిని అడుగరు, ఆమెను అడుగుదురు. కొన్నాళ్లకు ఒక దగ్గర బంధువు ఒక కాగితము తెచ్చి, ఊరిలోని జాగా అమ్మకమునకు అతని వ్రేలిముద్ర వేయింప జూచెను. ఆయనకెట్లాగు యాదికుండదు గదా అనెను.

చదువరులారా, ఈ వాక్యమును రెండుసారులు చదువుడి. మరచిపోవువానికి చేసిన మోసము మోసమే కాదన్నట్లున్నది. మన దేశపు ఒప్పందముల చట్టము 1872 నాటిది. ఒప్పందము చేయు సమయమున దానిని గ్రహించి, తన మేలు కీడులను విచారించుకొనగల స్థిరమైన మనస్సు ఉండవలెనని దాని 12వ సెక్షను చెప్పుచున్నది. అట్టి స్థితిలో లేనివాని వ్రేలిముద్ర ఒప్పందము కాదు. ఆ సహోదరి కాగితమును త్రిప్పి పంపినది. మేము వెళ్లి ఆమెకు తోడుగా నిలిచితిమి. ఈసారి ఆలస్యము చేయలేదు.

మొదటి పటమును చూచి అతని నొప్పి లేదనిరి. రెండవ పటమును చూచి అతడే లేడనిరి. యంత్రము రెండుసారులును తాను చూచినదే చెప్పెను. అనని మాటను మనుష్యులు దాని నోట పెట్టిరి.

లేడనుకొనినవాడు ఉండవచ్చునని నేర్పిన సంగతి ఒకటి చెప్పుదుము. రోడ్డు ప్రమాదములో తలకు గాయమై, కన్నులు తెరచియు దేనికిని స్పందింపని ఒక యువతిని 2006లో ఏడ్రియన్ ఓవెన్ అను పండితుడును అతని తోటివారును యంత్రములో నుంచి, టెన్నిసు ఆడుచున్నట్లు ఊహించుమని చెప్పిరి. ఆరోగ్యవంతులలో ఏ భాగము పనిచేయునో ఆమెలోను అదే భాగము పనిచేసెను. ఆమె వినుచున్నది! 2024లో ప్రకటింపబడిన గొప్ప పరిశోధనలో, చెప్పిన పనికి ఏ స్పందనయు చూపని 241 మందిని ఇట్లు పరీక్షింపగా 60 మంది మెదడు జవాబు చెప్పినట్లు కనబడెను. అంటే నలుగురిలో ఒకరు. పరీక్షలో జవాబు రానివారు వినలేదని కూడ దీనివలన చెప్పరాదు. కాబట్టి మంచము ప్రక్కన నిలిచి, ఇతనికి తెలియదులే అని మాటలాడు అలవాటును మనము మానవలెను.

6. వచ్చినది ఆయనేనా?

ఇప్పుడు ఆ సహోదరి ప్రశ్నకు వత్తుము. మూడు వందల సంవత్సరములకు పూర్వము ఇంగ్లండులో జాన్ లాక్ అను తత్త్వవేత్త, నేను చేసితినని ఎంతవరకు స్మరింపగలడో అంతవరకే మనుష్యుడు ఆ మనుష్యుడని వాదించెను. ఇందులో కొంత న్యాయము కనబడును. కాని 1785లో థామస్ రీడ్ అను స్కాట్లండు పండితుడు దీనికి చక్కని అభ్యంతరము చెప్పెను. ఆయన పూర్వము సంఘకాపరి. బాల్యమున తోటలో దొంగిలించి దెబ్బలు తిన్న ఒకడు, యౌవనమున సైనికుడై శత్రువుల పతాకమును పట్టుకొనెను, ముసలితనమున సేనాపతి యాయెను. సైనికునికి దెబ్బలు జ్ఞాపకమున్నవి. సేనాపతికి పతాకము జ్ఞాపకమున్నది గాని దెబ్బలు మరచిపోయెను. అయితే సేనాపతి సైనికుడే, సైనికుడు ఆ బాలుడే, కాని సేనాపతి ఆ బాలుడు కాడని చెప్పవలసివచ్చును. ఇది కుదురునా? మనలో ఎవరికి తల్లి పాలు త్రాగిన దినములు జ్ఞాపకమున్నవి? అయినను ఆ పాలు త్రాగినది మనమే.

వాదము అటుండనిండు. ఆ యింటిలో జరిగిన ఒక సంగతి మాకు ఎక్కువ నేర్పినది. అతడు పడుటకు ఒక నెల ముందు ఒక స్నేహితునియొద్ద ఇరువది వేల రూపాయలు చేబదులు తీసికొనియుండెను. కాగితము లేదు. తలకు దెబ్బ తగిలినప్పుడు పూర్వపు సంగతులు చెరగుట తరచుగా దగ్గరి దినములనుండి మొదలగును, దూరపువి నిలుచును. కూతురి పెండ్లి నిలిచినది, అప్పు చెరిగినది. యాది లేని అప్పుకు బాధ్యత ఏమని బంధువులనిరి. స్నేహితుడు అడుగుటకు సిగ్గుపడెను. భార్యకు మాత్రము ఆ అప్పు సంగతి తెలియును. ఆమె ఒకనాడు అతనికి చెప్పినది. అతడు ఆశ్చర్యపడి, "నేను తీసుకున్ననా? తీసుకుంటే ఇయ్యాలె గద" అనెను. మరునాటికి మరచెను. ఆమె మరల చెప్పెను. అతడు మొదటిసారి విన్నట్లే ఆశ్చర్యపడి మరల అదే మాట చెప్పెను. పది దినములు పది మారులు చెప్పినను జవాబు మారలేదు.

జ్ఞాపకమున్న మనలో ఎందరము, చేసిన బాకీ చక్కగా గుర్తుండియు, కాగితము లేదుగదా అని తప్పించుకొనము? అతడు సంగతిని మరచెను గాని న్యాయమును మరువలేదు. ఆ సహోదరితో మేము ఇట్లంటిమి: "అమ్మా, పది మారులు అడిగినను తీర్చవలెననుచున్నవాడు నీవు పెండ్లాడినవాడే." ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అవునయ్యగారూ, ఆయన ఎప్పుడట్లనే" అనెను. ఆ అప్పు ఇప్పుడు నెలకు కొంత చొప్పున తీరుచున్నది.

అయితే ఈ జవాబును అన్ని యిండ్లకు అంటించుట న్యాయము కాదు. గాయము నుదుటి వెనుకటి భాగమునకు తగిలినప్పుడు స్వభావమే మారవచ్చును. మెత్తనివాడు కోపిష్ఠి యగును, సిగ్గుగలవాడు బూతులాడును. 1848లో అమెరికాలో ఫినియాస్ గేజ్ అను పనివాని తలలోనుండి ఇనుపకడ్డీ దూసికొనిపోగా, అతడు బ్రదికెను గాని అతని నడత మారిపోయెనని తెలిసినవారనిరి. కాని ఆ కథ చెప్పువారు చివరి భాగమును తరచు విడిచిపెట్టుదురు. అతడు తరువాత చిలీ దేశములో ఏండ్ల తరబడి గుఱ్ఱపు బండ్లు తోలి బ్రదికెను. ముగిసినదనుకొనిన మనుష్యుడు ముగియలేదు.

స్వభావము నిజముగా మారిన యింటిలో, ఆయన ఎప్పుడట్లనే అను ఓదార్పు ఆ భార్యకు దొరకదు. ఆమెతో మనమేమి చెప్పుదుము? నీ భర్త మారలేదని అబద్ధము చెప్పరాదు. నీవు నష్టపోయితివి, దుఃఖించుము అని చెప్పవలెను. కొట్టుచున్నవాని చేతికింద ఓర్చుకొనియుండుమని చెప్పుట ధర్మము కాదు. ఆమెను కాపాడుటయు, అతనికి వైద్యము చేయించుటయు రెండును ధర్మమే. అతనిని మనుష్యుడని ఎంచుటకు అతని మంచితనము కారణము కాదు. జ్ఞాపకమును కారణము కాదు. ఈ రెండును లేకమునుపే, తల్లి గర్భములో నున్నప్పుడే, అతడు ఎరుగబడినవాడని కీర్తనకారుడు నూటముప్పదితొమ్మిదవ కీర్తనలో ఒప్పుకొనుచున్నాడు. మనుష్యుడు తన్ను తాను జ్ఞాపకము చేసికొనుటవలన నిలువడు; జ్ఞాపకము చేసికొనబడుటవలన నిలుచును.

7. మన పని

ఇంతవరకు చెప్పినది నిజమైతే మన చేతికి పని యున్నది.

మొదటిది, అట్టివానిని చూడబోయినప్పుడు "నేనెవరో చెప్పు చూతము" అని పరీక్షింపకుడి. ఎంత ప్రేమతో అడిగినను అది వాని ఓటమిని పదిమందిలో చూపుటయే. "అన్నా, నేను ఫలానావాడిని, నిన్ను చూడవచ్చిన" అని మనమే చెప్పవలెను. ఒకసారికి ఒక మాటయే చెప్పవలెను. ఇంటిలో ఒక గడియారము, ఒక పెద్ద అక్షరముల క్యాలెండరు, జేబులో ఒక చిన్న నోటుబుక్కు, ప్రతి వస్తువునకు ఒకే చోటు. ఇవి చిన్న సంగతులు గాని పోయిన యాదికి చేతికఱ్ఱలు.

రెండవది, భార్యను మరువకుడి. వాని యాదిని ఆమె మోయుచున్నది. ఆమె అలసటను మోయువారెవరు? వారమునకు ఒక సాయంకాలము ఎవరైనను వానియొద్ద కూర్చున్న యెడల ఆమె నిద్రపోవును, లేక అంగడికి పోవును.

మూడవది, త్రోవ. నిజామాబాదునుండి వచ్చు 63వ నంబరు జాతీయ రహదారి కోరుట్ల, జగిత్యాలల మీదుగా పోవుచున్నది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు త్రోవలో బస్సు లోయలో పడి అరువదిమందికి పైగా చనిపోయిన దినమును ఈ ప్రాంతము మరువలేదు. 2022లో మన దేశమందు రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరి, 4,43,366 మంది గాయపడిరి. హెల్మెటు లేక చనిపోయినవారే 50,029 మంది. చనిపోయినవారిని లెక్కింతుము, తలకు దెబ్బ తగిలి బ్రదికి, యాది పోగొట్టుకొని, ఇంటి మూల కూర్చున్నవారిని మన లెక్కలు అడుగవు. గల్ఫు దేశములలో కట్టడములమీదినుండి పడి తిరిగివచ్చినవారును వారిలో నున్నారు. హెల్మెటు ధరించుట పోలీసులకు జడిసి చేయు పని కాదు. నీ యింటివారి ముఖములను నీవు గుర్తుపట్టుటకు చేయు పని.

త్రోవలో పడినవానిని చూచి ప్రక్కగా పోయిన యాజకుని, లేవీయుని మనము నిందింతుము. పోలీసు కేసు భయముచేత మనమును ప్రక్కగా పోవుదుము. 2016 మార్చి 30న సుప్రీము కోర్టు, సాయము చేసినవారిని వేధింపరాదను నియమములకు బలమిచ్చెను. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేర్చిన 134ఎ సెక్షను, మంచి మనస్సుతో గాయపడినవానికి సాయము చేసినవానిమీద నేరము మోపరాదని చెప్పుచున్నది. ఆ సెక్షను మన ఉపమానములోని సమరయుని పేరునే ధరించియున్నది. 108కి పిలుచుటకు ఇక సాకు లేదు.

ముగింపు

చెరసాలలో యోసేపు పానదాయకుల అధిపతికి మేలు చేసి, నన్ను జ్ఞాపకము చేసికొనుమని ఒక్కటే కోరెను. ఆ అధిపతి విడుదలపొంది, రాజుకు పాత్ర అందించుచు, రెండు సంవత్సరములు యోసేపును మరచెను. వాని తలకు దెబ్బ తగులలేదు. వాని మెదడును ఏ యంత్రములో పెట్టినను ఒక్క నల్లని చుక్కయు కనబడియుండదు. తరువాత రాజునకు అవసరము వచ్చినప్పుడు, తన తప్పును తానే ఒప్పుకొనెను.

సిరిసిల్లలోని మన సహోదరుడు మేము వచ్చిన ప్రతిసారియు క్రొత్తగా సంతోషించును, నీళ్లిమ్మని భార్యకు చెప్పును, కూర్చుండుమని పీట వేయును. మేము వెళ్లిన గడియలో మరచును. మేమైతే, అంతయు జ్ఞాపకముండి, మొన్న మూడు వారములు ఆ యింటికి పోలేదు. పటములో కనబడు మతిమరుపు అతనిది. ఏ పటములోను కనబడని మతిమరుపు మాది.

యాది మరచినవాడు ఎవడు? ఈ నెల మన వీధులలో అట్టి యిల్లు ఒకటి వెదకి, తలుపు తట్టి, మన పేరు మనమే చెప్పుకొని లోపలికి పోవుదము.